ఒక మిలీషియా సైనికుడి జీవితం: లెమ్యుయెల్ హేన్స్ (1753–1833)

9.1 ఉపోద్ఘాతం

అమెరికా స్వాతంత్ర్య పోరాటం గురించి ఇంతకుముందు పాఠాల్లో వాషింగ్టన్, జెఫర్సన్, ఫ్రాంక్లిన్ వంటి నాయకుల పాత్రను మీరు చదివారు. స్టాంపు చట్టం, బోస్టన్ తేనీటి విందు, కాంటినెంటల్ కాంగ్రెస్ సమావేశాల క్రమం కూడా మీకు తెలుసు. ఈ పాఠంలో ఆ సంఘటనలనే ఒక సామాన్య సైనికుడి వైపు నుంచి చూస్తాం. అతడు సేనాపతి కాదు, రాజ్యాంగ రచయిత కాదు. మసాచుసెట్స్‌లోని ఒక మారుమూల పల్లెలో పొలం పని చేస్తూ, వారానికి ఒక రోజు కవాతు నేర్చుకున్న మిలీషియా సభ్యుడు. పేరు లెమ్యుయెల్ హేన్స్.

ఇతణ్ణి ఎంచుకోవడానికి కారణం ఉంది. హేన్స్ తండ్రి ఆఫ్రికా సంతతివాడు, తల్లి శ్వేతజాతి స్త్రీ. "మనుషులందరూ సమానంగా సృష్టించబడ్డారు" అనే స్వాతంత్ర్య ప్రకటన సూత్రం వెలువడినప్పుడు అతనికి 22 ఏళ్లు. ఆ మాటను అతడు అక్షరాలా నమ్మి, దాన్ని బానిసలకు కూడా వర్తింపజేయాలని అదే కాలంలో ఒక వ్యాసం రాశాడు. విప్లవం ఎవరికి ఏం ఇచ్చింది, ఎవరికి ఇవ్వలేదు అనే ప్రశ్న మీ పరీక్షల్లో తరచూ వస్తుంది. దానికి పుస్తకంలోని సాధారణ సూత్రాల కంటే ఈ ఒక్క జీవితం ఎక్కువ స్పష్టమైన జవాబు ఇస్తుంది.

9.2 మిలీషియా అంటే ఏమిటి?

మిలీషియాను, కాంటినెంటల్ సైన్యాన్ని విద్యార్థులు తరచూ ఒకటిగా భావిస్తారు. రెండూ వేరు. కాంటినెంటల్ సైన్యం 1775 జూన్‌లో కాంగ్రెస్ ఏర్పాటు చేసినది. జీతం తీసుకుని, నిర్ణీత కాలానికి చేరే సైనికులు అందులో ఉంటారు. మిలీషియా దానికంటే చాలా పాతది. పదిహేడో శతాబ్దం నుంచే న్యూ ఇంగ్లండ్ వలసల్లో ప్రతి ఊరికీ ఒక మిలీషియా దళం ఉండేది. ఊళ్లోని ఆరోగ్యవంతులైన పురుషులందరూ తమ తుపాకీ తామే తెచ్చుకుని, ఏడాదిలో కొన్ని రోజులు ఊరి మైదానంలో కవాతు చేయాలి. వడ్రంగి, రైతు, కమ్మరి, బడిపంతులు అందరూ ఒకే వరుసలో నిలబడేవారు. చాలాచోట్ల అధికారులను దళ సభ్యులే ఎన్నుకునేవారు. అవసరం తీరగానే ఎవరి ఇంటికి వారు వెళ్లిపోయేవారు. కోతల కాలంలో దళం సగానికి పైగా ఖాళీ అయిపోతుందని వాషింగ్టన్ విసుక్కోవడం వెనక ఉన్న సంగతి ఇదే.

మిలీషియాలో పేరు ఉండడమంటే ఊరికి చెందినవాడని గుర్తింపు పొందడం. అందుకే అందులో ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని చేర్చుకోకూడదు అన్నది కేవలం సైనిక విషయం కాదు. మసాచుసెట్స్ వలస 1656లోనే నల్లజాతివారిని, స్థానిక ఇండియన్లను కవాతు నుంచి మినహాయించింది. "మినహాయింపు" అనే మాట వినడానికి సౌకర్యంలా ఉంటుంది. నిజానికి అది నమ్మకం లేకపోవడం. ఆయుధం ఇస్తే ఎవరి మీదకు తిప్పుతారోనన్న భయం. అయితే చట్టం ఒకటి చెప్పినా ఊళ్లు తమ అవసరాన్ని బట్టి నడుచుకునేవి. యుద్ధం వచ్చిన ప్రతిసారీ నల్లజాతివారు దళాల్లో కనిపించారు, యుద్ధం అయిపోగానే మళ్లీ చట్టం గుర్తుకు వచ్చింది.

1774 అక్టోబరులో మసాచుసెట్స్ ప్రాంతీయ కాంగ్రెస్ మిలీషియాలో సుమారు నాలుగో వంతు మందిని ప్రత్యేక దళాలుగా ఏర్పరచాలని సూచించింది. పిలుపు రాగానే నిమిషంలో బయలుదేరగలవారు కాబట్టి వీరికి "మినిట్‌మెన్" అనే పేరు వచ్చింది. గ్రాన్‌విల్ అనే ఊళ్లో అలా చేరిన యువకుల్లో హేన్స్ ఒకడు.

9.3 పుట్టుక, ఒప్పంద సేవ

హేన్స్ 1753 జులై 18న కనెక్టికట్‌లోని వెస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులకు వివాహం కాలేదు. తల్లి ఎవరన్న విషయంలో రెండు కథనాలు ఉన్నాయి. ఆమె హేన్స్ అనే కుటుంబంలో పనిచేసిన స్కాటిష్ పనిమనిషి అని ఒక కథనం, ఆ ప్రాంతంలోని పేరున్న కుటుంబపు అమ్మాయి అని మరొకటి. రెండు కథనాల్లోనూ ఒక విషయం మాత్రం మారదు. ఆమె బిడ్డను తనవాడని ఒప్పుకోలేదు. తండ్రి గురించి అతడు ఆఫ్రికన్ అన్న మాట తప్ప మరేమీ నమోదు కాలేదు. బిడ్డకు దక్కిన ఇంటిపేరు తండ్రిది కాదు, తల్లిదీ కాదు. పుట్టిన ఇంటి యజమానిది.

ఇక్కడ మీరు ఒక చట్టపరమైన అంశాన్ని గుర్తుంచుకోవాలి. అమెరికా వలసల్లో బిడ్డ హోదా తల్లి హోదాను బట్టి నిర్ణయమయ్యేది. వర్జీనియా 1662లోనే దీన్ని చట్టంగా చేసింది. న్యూ ఇంగ్లండ్‌లో అది ఆచారంగా నడిచింది. దక్షిణాది తోటల యజమానులు తమ బానిస స్త్రీలకు పుట్టిన సొంత బిడ్డలను సైతం ఆస్తిగా లెక్కవేసుకోవడానికి ఈ సూత్రమే ఆధారం. హేన్స్ విషయంలో అదే సూత్రం అటువైపు పనిచేసింది. తల్లి స్వేచ్ఛ గల శ్వేతజాతి స్త్రీ కాబట్టి అతడు బానిసగా పుట్టలేదు. తనను వదిలేసిన తల్లి నుంచి అతనికి సంక్రమించిన ఆస్తి ఇదొక్కటే.

అయితే స్వేచ్ఛగా పుట్టడం వేరు, స్వేచ్ఛగా పెరగడం వేరు. ఐదు నెలల వయసులో అతణ్ణి మసాచుసెట్స్‌లోని మిడిల్ గ్రాన్‌విల్‌కు తీసుకువెళ్లి, అక్కడి చర్చి పెద్ద డీకన్ డేవిడ్ రోజ్ కుటుంబానికి ఒప్పంద సేవకుడిగా అప్పగించారు. 21 ఏళ్లు నిండేవరకు ఆ ఇంట్లో పనిచేయాలి; బదులుగా ఆ కుటుంబం తిండి, బట్ట, కొంత చదువు ఇవ్వాలి. ఒప్పంద సేవ అనగానే 1860 నుంచి మద్రాసు రేవు గుండా నటాల్ వెళ్లిన తెలుగు, తమిళ కూలీలు మీకు గుర్తుకు రావచ్చు. అక్కడ పెద్దవారు, తెలిసో తెలియకో, తమ ఒప్పందం మీద తామే వేలిముద్ర వేశారు. ఇక్కడ ఒప్పందానికి లోబడినది పాలు తాగే పసివాడు. అనాథలను, వివాహేతర సంతానాన్ని, పేదల బిడ్డలను ఊరి పెద్దలు ఇలా ఇళ్లకు అప్పగించడం న్యూ ఇంగ్లండ్‌లో మామూలే. ఊరి మీద పోషణ భారం పడకుండా చూసుకోవడం వారి ప్రధాన ఉద్దేశం.

హేన్స్ అదృష్టం కొద్దీ రోజ్ దంపతులు మంచివారు. డీకన్ భార్య అతణ్ణి కన్నబిడ్డలా చూసిందని హేన్స్ తరవాతి కాలంలో కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. పగలంతా అడవి నరకడం, దున్నడం, పశువులను చూడడం. రాత్రి పొయ్యి వెలుగులో చదువు. కొవ్వొత్తి ఖర్చు పెట్టే స్థోమత ఆ ఇళ్లకు ఉండేది కాదు. ఊరి బడిలో చదివింది తక్కువ, పొయ్యి పక్కన చదివిందే ఎక్కువ. బైబిలు, కీర్తనల పుస్తకం, ప్రసంగ సంపుటాలు అతనికి దొరికిన పుస్తకాలు.

ఆ ఇంట్లో శనివారం సాయంత్రం ఎవరైనా ఒక అచ్చు ప్రసంగాన్ని పైకి చదివే అలవాటు ఉండేది. ఒక శనివారం ఆ పని హేన్స్‌కు వచ్చింది. అతడు పుస్తకంలో తాను రాసిన కాగితాలు పెట్టుకుని చదివాడు. విన్న డీకన్ చాలా మెచ్చుకుని, ఇది డేవిస్ రాసిందా, వాట్స్ రాసిందా, లేక వైట్‌ఫీల్డ్‌దా అని అడిగాడట. తనదేనని హేన్స్ కొంత తడబడుతూ ఒప్పుకున్నాడు. అతని జీవితచరిత్రలో అందరూ ఇష్టంగా చెప్పుకునే కథ ఇది. చరిత్ర విద్యార్థిగా మీరు ఇందులో మరో సంగతి కూడా చూడాలి. ఒక ఒప్పంద సేవకుడు రాసిన ప్రసంగం తాను రాశానని చెబితే కాక, వేరొకరి పేరు చాటున మాత్రమే మొదటిసారి వినిపించింది.

9.4 లెక్సింగ్టన్ నుంచి టికాండెరోగా వరకు

1774లో ఒప్పందం ముగిసింది. స్వేచ్ఛ దొరికిన ఏడాదే అతడు మినిట్‌మెన్ దళంలో చేరాడు. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్ మైదానంలో కెప్టెన్ జాన్ పార్కర్ నాయకత్వంలో నిలిచిన సుమారు 77 మంది మిలీషియా మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. ఎనిమిది మంది మరణించారు. గాయపడినవారిలో ప్రిన్స్ ఎస్టాబ్రుక్ అనే బానిస కూడా ఉన్నాడని గమనించండి. వార్త గుర్రాల మీద ఊరూరా పాకింది. బోస్టన్‌కు పడమరగా సుమారు నూరు మైళ్ల దూరంలో, కనెక్టికట్ సరిహద్దును ఆనుకుని ఉన్న గ్రాన్‌విల్‌కు కూడా చేరింది. కెప్టెన్ లెబియస్ బాల్ దళంతో హేన్స్ బోస్టన్ ముట్టడికి నడిచి వెళ్లాడు. సైనిక జాబితాలో అతని సేవ 24 రోజులుగా నమోదైంది.

ఇరవై నాలుగు రోజులు ఏపాటి అని మీకు అనిపించవచ్చు. మిలీషియా సేవ అలాగే ఉండేది. పిలిచినప్పుడు వెళ్లడం, ప్రమాదం తగ్గగానే ఇంటికి వచ్చి విత్తనాలు వేసుకోవడం. లెక్సింగ్టన్ తరవాతి రోజుల్లో బోస్టన్ చుట్టూ చేరిన వేలాది మందిలో చాలామంది సేవ ఇంతకంటే ఎక్కువ కాదు. కానీ వారు అలా చేరకపోతే బ్రిటిష్ సైన్యం బోస్టన్‌లో చిక్కుబడి ఉండేది కాదు, కాంటినెంటల్ సైన్యం ఏర్పడడానికి వ్యవధి దొరికేది కాదు.

1776 శరదృతువులో హేన్స్ మళ్లీ బయలుదేరాడు. ఈసారి ఉత్తరాన షాంప్లేన్ సరస్సు దగ్గరి టికాండెరోగా కోటకు. 1775 మేలో ఈథన్ అలెన్, బెనెడిక్ట్ ఆర్నాల్డ్ బ్రిటిష్‌వారి నుంచి స్వాధీనం చేసుకున్న ఈ కోటకు కాపలా అవసరమైంది. అక్కడ శత్రువు తుపాకి కంటే రోగాలే ఎక్కువ మందిని పడగొట్టాయి. హేన్స్ టైఫస్ జ్వరం బారిన పడి, కొద్ది వారాలకే ఇంటికి తిరిగివచ్చాడు. అతని సైనిక జీవితం అంతటితో ముగిసింది.

ఇదే కాలంలో నల్లజాతి సైనికుల విషయంలో కాంగ్రెస్, వాషింగ్టన్ ఎటూ తేల్చుకోలేకపోయారు. 1775 జూన్ 17న బంకర్ హిల్ యుద్ధంలో పీటర్ సేలం, సేలం పూర్ వంటివారు పోరాడారు. అయినా ఆ ఏడాది వేసవిలో, శరదృతువులో వెలువడిన ఆదేశాలు నల్లజాతివారిని కొత్తగా చేర్చుకోవద్దన్నాయి. నవంబరులో వర్జీనియా బ్రిటిష్ గవర్నరు డన్మోర్, తమ పక్షాన పోరాడే తిరుగుబాటుదారుల బానిసలకు విముక్తి ప్రకటించాడు. డిసెంబరు చివరికి వాషింగ్టన్ మనసు మార్చుకుని, అప్పటికే సేవ చేసిన స్వేచ్ఛాయుత నల్లజాతివారు మళ్లీ చేరవచ్చన్నాడు. 1776 జనవరిలో కాంగ్రెస్ దానికి ఒప్పుకుంది. యుద్ధం ముగిసేనాటికి సుమారు 5,000 మంది నల్లజాతివారు అమెరికన్ల పక్షాన పోరాడారని చరిత్రకారుల అంచనా. ఆదర్శం కంటే అవసరమే ఈ తలుపు తెరిచిందని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మిలీషియాకు, కాంటినెంటల్ సైన్యానికి ఉన్న తేడాలను హేన్స్ సేవాకాలం ఆధారంగా పది పంక్తులకు మించకుండా వివరించండి.

9.5 "స్వేచ్ఛను ఇంకా విస్తరించాలి"

సైనికుడిగా ఉన్న రోజుల్లోనే హేన్స్ రెండు రచనలు చేశాడు. మొదటిది లెక్సింగ్టన్ యుద్ధం మీద ఒక కథాగేయం. అందులో అతడు వలసవాసుల పక్షాన మాట్లాడాడు; దాని రచయితను తనంతట తాను చదువుకున్న ములాటో యువకుడిగా పరిచయం చేసుకున్నాడు. తెల్ల, నల్లజాతుల మిశ్రమ సంతానాన్ని ఆ కాలంలో ఆ మాటతో పిలిచేవారు. రెండోది 1776లో రాసిన వ్యాసం. దాని పేరుకు "స్వేచ్ఛను ఇంకా విస్తరించాలి" అని అర్థం చెప్పుకోవచ్చు. మనకు ముఖ్యమైనది ఈ రెండోదే.

ఆ వ్యాసం మొదట్లోనే హేన్స్ స్వాతంత్ర్య ప్రకటనలోని సమానత్వ వాక్యాన్ని ఉంచాడు. ప్రకటన వెలువడిన ఏడాదే, దాని సొంత వాక్యాన్ని బానిసత్వం మీదకు ఎక్కుపెట్టిన తొలి రచనల్లో ఇది ఒకటి. ఇంకో సంగతి గుర్తు చేసుకోండి. జెఫర్సన్ మొదటి ముసాయిదాలో బానిస వ్యాపారాన్ని ఖండించే భాగం ఉండేది, దాన్ని కాంగ్రెస్ తొలగించింది. ఫిలడెల్ఫియాలో పెద్దలు కొట్టివేసిన విషయాన్ని గ్రాన్‌విల్‌లో ఒక వ్యవసాయ కూలీ మళ్లీ ఎత్తుకున్నాడు.

అతని వాదన సూటిగా సాగుతుంది. స్వేచ్ఛ రాజు ఇచ్చినది కాదు, దేవుడు ఇచ్చినది. దేవుడు మనుషులందరినీ ఒకే రక్తం నుంచి సృష్టించాడని బైబిలు చెబుతోంది. కాబట్టి ఇంగ్లీషువాడికి ఉన్న సహజ హక్కు ఆఫ్రికావాడికీ ఉంది. చర్మం రంగు ఆ హక్కును తీసివేయలేదు. తరవాత అతడు బానిసత్వాన్ని సమర్థించేవారి వాదాలను ఒక్కొక్కటిగా తీసుకుంటాడు. నల్లవారు శాపగ్రస్తుడైన హాము సంతతి అనే వాదం ఒకటి. ఆఫ్రికాలో యుద్ధ ఖైదీలైనవారిని డబ్బిచ్చి కొంటున్నాం, అందులో తప్పేమిటనే వాదం మరొకటి. అలాంటి కొనుగోలే అక్కడ యుద్ధాలను రేపుతోందని, దొంగసొత్తు కొన్నవాడికి దాని మీద హక్కు పుట్టదని అతడి సమాధానం. బానిసత్వం వల్లనే వారికి క్రైస్తవం అందుతోందన్న మూడో వాదాన్ని అతడు మరింత కఠినంగా తిప్పికొడతాడు. మంచి ఫలితం వస్తుందని చెప్పి చెడ్డ పని చేయడానికి క్రైస్తవం ఎవరికీ అనుమతి ఇవ్వలేదంటాడు.

పన్నుల విషయంలో బ్రిటన్ తమను బానిసలుగా చేస్తోందని వలసవాసులు పత్రికల్లో, సభల్లో అంటున్న రోజులవి. "బానిసత్వం" అనే మాట వారికి ఒక ఉపమానం. హేన్స్ ఆ ఉపమానాన్ని పట్టుకుని, అసలు బానిసలు మీ ఇళ్లలోనే ఉన్నారు కదా అని చూపించాడు. అతని బలం అంతా అక్కడే ఉంది. కొత్త సిద్ధాంతం ఏదీ ప్రతిపాదించలేదు, వారి మాటలనే వారికి తిరిగి అప్పజెప్పాడు. కానీ ఆ వ్యాసం అప్పట్లో అచ్చుకాలేదు.

9.6 బోధకుడు, భర్త, తండ్రి

యుద్ధం నుంచి వచ్చాక హేన్స్ మత బోధకుడు కావాలనుకున్నాడు. డార్ట్‌మత్ కళాశాలలో చదివే అవకాశం వచ్చినా వెళ్లలేదు. కనెక్టికట్‌లోని కానన్ ఊరి బోధకుడు డేనియల్ ఫారండ్ దగ్గర లాటిన్, మరో బోధకుడి దగ్గర గ్రీకు నేర్చుకున్నాడు. 1780లో బోధించడానికి అనుమతి లభించింది. తాను పొలం పని చేస్తూ పెరిగిన మిడిల్ గ్రాన్‌విల్‌లోనే మొదటి ఐదేళ్లు బోధించాడు. 1785 నవంబరు 9న పూర్తి స్థాయి అభిషేకం జరిగింది. అమెరికాలోని ప్రధాన ప్రొటెస్టెంట్ శాఖల్లో అభిషిక్తుడైన మొదటి నల్లజాతి బోధకుడిగా చరిత్రకారులు అతణ్ణి గుర్తిస్తారు.

1783లో ఎలిజబెత్ బాబిట్ అనే శ్వేతజాతి ఉపాధ్యాయురాలిని వివాహం చేసుకున్నాడు. అతని జీవితచరిత్ర ప్రకారం ఈ ప్రతిపాదన మొదట ఆమె వైపు నుంచి వచ్చింది. హేన్స్ వెంటనే ఒప్పుకోలేదు, తోటి బోధకుల సలహా తీసుకున్నాడు. తన పుట్టుక కథ తెలిసినవాడు ఈ విషయంలో అంత జాగ్రత్త పడడంలో ఆశ్చర్యం లేదు. తల్లి దాచిపెట్టాలనుకున్న సంబంధం లాంటిదాన్నే కొడుకు చర్చి ఎదుట, చట్టబద్ధంగా స్థిరపరచుకున్నాడు. వారికి పదిమంది పిల్లలు కలిగారు. తన ఇంటిపేరు ఎవరి నుంచో అరువు వచ్చినదైనా, అతడు దాన్ని పదిమందికి సొంత పేరుగా ఇవ్వగలిగాడు.

తల్లిని అతడు ఒకసారి అనుకోకుండా పక్క ఊళ్లో ఒక బంధువు ఇంట్లో చూశాడని, ఆమె తప్పించుకుని వెళ్లిపోవడానికి ప్రయత్నించిందని, అతడు వెంటపడి ఆమెను గట్టిగా మందలించాడని ఒక కథనం ఉంది. తల్లిదండ్రులను గౌరవించమని జీవితాంతం బోధించిన మనిషి నుంచి వినడానికి ఇది ఇబ్బందిగా ఉంటుంది. జీవితచరిత్రకారుడు దీన్ని దాచకుండా రాయడం అతని నిజాయితీకి గుర్తు.

టారింగ్టన్‌లో పనిచేసిన కొద్దికాలంలో ఒక సభ్యుడు హేన్స్ రంగు చూసి, అవమానించాలని చర్చిలో టోపీ తీయకుండా కూర్చున్నాడట. ప్రసంగం కొంత సాగేసరికి టోపీ తీశాడు. తరవాత అతని అభిమానుల్లో ఒకడయ్యాడు. ఇలాంటి కథలను ఇష్టంగా చదవండి, కానీ వాటిలోని షరతును కూడా గమనించండి. శ్వేతజాతి బోధకుడికి పీఠం ఎక్కగానే దక్కే మర్యాదను హేన్స్ ప్రతి ఊళ్లో కొత్తగా సంపాదించుకోవాల్సి వచ్చింది.

9.7 రట్లండ్ ముప్పై ఏళ్లు, 1792 చట్టం

1788లో వెర్మాంట్‌లోని రట్లండ్ పశ్చిమ చర్చి హేన్స్‌ను తమ బోధకుడిగా పిలిచింది. కాంగ్రిగేషనల్ సంప్రదాయంలో బోధకుణ్ణి పైనుంచి ఎవరూ నియమించరు. చర్చి సభ్యులే ఎన్నుకుని, వారే జీతం ఇస్తారు. అంటే దాదాపు అందరూ శ్వేతజాతివారైన ఒక సమాజం తమంతట తామే ఇతణ్ణి కోరుకుంది. వెర్మాంట్ 1777 రాజ్యాంగం వయోజనుల బానిసత్వాన్ని నిషేధించిందని మీకు తెలుసు. మసాచుసెట్స్‌లో 1783 నాటి కోర్టు తీర్పులతో బానిసత్వం కూలిపోయింది. కనెక్టికట్ 1784లో క్రమ విముక్తి చట్టం చేసింది. హేన్స్ తిరిగిన న్యూ ఇంగ్లండ్ అంతటా బానిసత్వం వెనక్కి తగ్గుతున్న రోజులవి.

కానీ దేశం మొత్తంగా చూస్తే దారి మరోవైపు మళ్లింది. 1790లో కాంగ్రెస్ చేసిన పౌరసత్వ చట్టం, బయటి నుంచి వచ్చి పౌరులయ్యే హక్కును స్వేచ్ఛ గల శ్వేతజాతివారికి పరిమితం చేసింది. 1792 మే నెలలో వచ్చిన మిలీషియా చట్టం, 18 నుంచి 45 ఏళ్ల మధ్య వయసున్న, స్వేచ్ఛ గల, ఆరోగ్యవంతుడైన శ్వేతజాతి పురుష పౌరుడు ప్రతి ఒక్కరూ మిలీషియాలో నమోదు కావాలంది. అప్పటికి హేన్స్ వయసు 38. పదిహేడేళ్ల కిందట తన దళంతో బోస్టన్‌కు నడిచి వెళ్లిన ఆ మనిషి, తాను కాపాడిన దేశపు మొదటి జాతీయ మిలీషియా చట్టం ప్రకారం మిలీషియాకు పనికిరానివాడయ్యాడు. అతని కొడుకులకు కూడా అందులో చోటు లేదు. 9.2లో చెప్పిన మాటను ఇక్కడ గుర్తుకు తెచ్చుకోండి: మిలీషియాలో పేరు ఉండడమంటే ఊరికి చెందినవాడనే గుర్తింపు. ఆ గుర్తింపు నుంచి "శ్వేతజాతి" అనే ఒక్క మాటతో వేలాది మంది మాజీ సైనికులను తప్పించారు.

స్వాతంత్ర్యానికి 25 ఏళ్లు నిండిన సందర్భంగా 1801 జులై 4న రట్లండ్‌లో హేన్స్ నిజమైన గణతంత్ర స్వభావం మీద ప్రసంగించాడు. యువకుడిగా రాసిన వ్యాసంలోని కోపం ఇందులో తగ్గింది, వాదన తగ్గలేదు. మన మధ్య ఉన్న ఆఫ్రికన్ల దీనస్థితికి కారణం ప్రకృతి కాదని, మనుషులు నిలిపిన నిరంకుశత్వమేనని అతడు ఆ పండగ సభలో చెప్పాడు. 1804లో మిడిల్‌బరీ కళాశాల అతనికి గౌరవ ఎం.ఎ. పట్టా ఇచ్చింది. అమెరికాలో ఒక నల్లజాతి వ్యక్తికి అలాంటి పట్టా దక్కడం అదే మొదటిసారి. మరుసటి ఏడాది హోసియా బాలూ అనే బోధకుడి సిద్ధాంతాన్ని వ్యంగ్యంగా ఖండిస్తూ అతడు చేసిన ప్రసంగం డెబ్బైకి పైగా ముద్రణలు పొందింది. ఆ కాలపు అమెరికన్ పాఠకుల్లో చాలామందికి అతడు బానిసత్వ వ్యతిరేకిగా కాక, ఈ ప్రసంగం ద్వారానే తెలుసు.

రాజకీయంగా హేన్స్ ఫెడరలిస్టు, వాషింగ్టన్ అభిమాని. 1812 యుద్ధాన్ని బహిరంగంగా వ్యతిరేకించాడు. జెఫర్సన్ పక్షం బలంగా ఉన్న వెర్మాంట్‌లో ఇది అతనికి శత్రువులను తెచ్చిపెట్టింది. 1818లో రట్లండ్ చర్చి ముప్పై ఏళ్ల సంబంధాన్ని తెంచుకుంది. తాను నల్లవాడినని ఈ తెలివైనవారికి తెలియడానికి ముప్పై ఏళ్లు పట్టిందని అతడు చమత్కరించినట్లు చెబుతారు. రాజకీయాల వల్ల వచ్చిన విరోధానికి రంగు ఎంతవరకు తోడైందన్న ప్రశ్నకు ఆ చమత్కారమే అతని జవాబు.

ఆ తరవాత వెర్మాంట్‌లోని మాంచెస్టర్‌లో నాలుగేళ్లు ఉన్నాడు. అక్కడ 1819లో బూర్న్ సోదరుల హత్య కేసు సంచలనం రేపింది. ఏళ్ల కిందట కనిపించకుండా పోయిన రస్సెల్ కాల్విన్‌ను చంపారని స్టీఫెన్ బూర్న్‌కు ఉరిశిక్ష పడింది. జైలులో ఆ సోదరులను పరామర్శించిన హేన్స్ వారు నిర్దోషులని నమ్మాడు. ఉరి తేదీకి కొన్ని వారాల ముందు, 1819 డిసెంబరులో, కాల్విన్ న్యూజెర్సీ నుంచి సజీవంగా ఊళ్లోకి వచ్చాడు! ఈ ఉదంతం మీద హేన్స్ ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. 1822లో అతడు న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రాన్‌విల్‌కు మారాడు. పెరిగిన ఊరి పేరే ఉన్న మరో ఊరు అది. 1833 సెప్టెంబరు 28న, 80 ఏళ్ల వయసులో అక్కడే మరణించాడు. అక్కడ అతడు నివసించిన ఇల్లు నేడు జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు పొందింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1776 నాటి హేన్స్ వ్యాసాన్ని, 1792 మిలీషియా చట్టాన్ని పక్కపక్కన ఉంచి, విప్లవ ఆదర్శాల పరిధి ఎలా కుంచించుకుపోయిందో చర్చించండి.

9.8 ఇదంతా మనకు ఎలా తెలుసు?

సామాన్య సైనికుల కుటుంబ చరిత్ర రాయడానికి చరిత్రకారులు ఎక్కువగా ఆధారపడేది పింఛను దరఖాస్తుల మీద. 1818 చట్టం అవసరంలో ఉన్న కాంటినెంటల్ సైనికులకు పింఛను ఇచ్చింది. మిలీషియావారికి అందులో చోటు లేదు. 1832 చట్టం కనీసం ఆరు నెలలు సేవ చేసిన మిలీషియావారికి కూడా అవకాశం కల్పించింది. దరఖాస్తుదారు కోర్టుకు వచ్చి, ఎక్కడ పుట్టాడో, ఎవరి కింద పనిచేశాడో, ఏయే దారుల్లో నడిచాడో ప్రమాణం చేసి చెప్పాలి. చదువురాని ముసలి రైతుల జ్ఞాపకాలు అలా గుమస్తా చేతిరాతలో మిగిలాయి. 1836 తరవాత వితంతువులకు కూడా పింఛను వచ్చినప్పుడు, పెళ్లి జరిగిందని రుజువు చేయడానికి చాలామంది కుటుంబ బైబిలులో పుట్టుకలు, పెళ్లిళ్లు రాసుకున్న పేజీలను చించి జతచేశారు. నేటి అమెరికన్లు తమ పూర్వీకులను వెతుక్కునేది ఆ పేజీల్లోనే. పెళ్లి చేసుకునే హక్కే లేని బానిస సైనికుల కుటుంబాలకు అలాంటి పేజీ ఎక్కడి నుంచి వస్తుంది? ఆధారాలు లేకపోవడం కూడా ఒక చారిత్రక వాస్తవమేనని దీని నుంచి గ్రహించవచ్చు.

హేన్స్ విషయంలో ప్రధాన ఆధారం వేరు. అతని మరణం తరవాత నాలుగేళ్లకు, 1837లో, మసాచుసెట్స్ గ్రాన్‌విల్ బోధకుడు టిమతీ మాథర్ కూలీ అతని జీవితచరిత్రను ప్రచురించాడు. ఈ పాఠంలోని శనివారపు ప్రసంగం కథ, తల్లిని కలిసిన కథ ఆ పుస్తకం ద్వారానే మనకు అందాయి. కూలీ హేన్స్‌ను ఎరిగినవాడు, ప్రేమించినవాడు. అతడు చూపించాలనుకున్నది భక్తుణ్ణి, చమత్కారిని. అందువల్ల ఆ పుస్తకం చదివినవారికి యువ సైనికుడి కోపం అంతగా కనిపించదు. సైనిక సేవకు ఆధారం మసాచుసెట్స్ రాష్ట్ర జాబితాలు. వీటిని 1896–1908 మధ్య 17 సంపుటాలుగా అచ్చువేశారు.

సైనిక వంశావళి అమెరికాలో కేవలం కుతూహలం కాదు, సామాజిక హోదా కూడా. 1890లో ఏర్పడిన డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్ అనే సంఘంలో చేరాలంటే, విప్లవంలో సేవ చేసిన పూర్వీకుడి నుంచి తన వరకు తరతరాల రుజువు చూపాలి. నల్లజాతి మహిళను ఆ సంఘం తెలిసి సభ్యురాలిగా చేర్చుకున్నది 1977లో. తరవాత అదే సంఘం, విప్లవంలో పాల్గొన్న నల్లజాతివారి, స్థానిక ఇండియన్ల పేర్లను వేల సంఖ్యలో సేకరించి 2008లో ఒక పెద్ద గ్రంథంగా ప్రచురించింది.

ఇక ఆ 1776 వ్యాసం సంగతి. దాని రాతప్రతి హార్వర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, ఒక కుటుంబపు పాత కాగితాల మధ్య ఉండిపోయింది. రూత్ బోగిన్ అనే చరిత్రకారిణి దాన్ని గుర్తించి, 1983లో ఒక చరిత్ర పత్రికలో మొదటిసారి అచ్చువేయించింది. రెండేళ్లకు లెక్సింగ్టన్ గేయాన్ని కూడా వెలుగులోకి తెచ్చింది. జెఫర్సన్ ప్రకటన 1776 జులైలోనే వీధుల్లో చదివి వినిపించారు. దానికి గ్రాన్‌విల్ నుంచి వచ్చిన జవాబు పాఠకులను చేరడానికి 207 ఏళ్లు పట్టింది.